మైనస్ ఒకటి

సున్నా ఎందుకొచ్చింది?

మైనస్ ఒకటి కదా రావాల్సింది...

సదయ్య తెరకు మరింత దగ్గరగా జరుగుతాడు. కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంటాడు.

గని లోపల ఉన్నవారు: 0.

అంకె పక్కన ఆకుపచ్చ చుక్క. గోడ గడియారంలో రెండు ముప్పై ఎనిమిది. బయట ఆషాఢపు వాన. పట్టపగలే ట్యూబ్‌లైట్లు వెలుగుతున్నాయి.

పక్క హాల్లో చప్పట్లు.

అవి ఎవరికోసమో అతను లేచి చూడనక్కరలేదు. సంధ్యారాణికి. ఆరేళ్ల కింద ఇదే గదిలో, ఇదే కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూచుని, "సార్, పాస్‌వర్డ్ కొడ్తె చుక్కలెందుకు కనవడ్తయి?" అని అడిగిన అప్రెంటిస్ పిల్లకు. మందమర్రి బొగ్గు పనివాడి బిడ్డకు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దసార్లు ఆమెను మేడం అంటున్నారు.

ఆమె పెట్టించిన కొత్త హాజరు లెక్కలో వచ్చిన సున్నాను చూసి చప్పట్లు కొడుతున్నారు.

ఆ చప్పట్లను మైనస్ ఒకటితో ఆపాలనుకున్నాడు అతను.

అంతే. అంతకు మించి ఏమీ అనుకోలేదు. ఒట్టు.

*

పొద్దున తొమ్మిది నలభైకి చేసిన పని అది. అరనిమిషం పట్టింది.

పాత సర్వర్‌లో 'సవరణ' అనే పేజీ ఉంది. గని ముఖద్వారం దగ్గర పెట్టిన ముఖం చూసే మిషన్ ఎవరినైనా పొరపాటున వదిలేస్తే, చేత్తో సరిచేయడానికి. ఆ పేజీ తెరిచే హక్కు సదయ్య ఒక్కడికే ఉంది. అక్కడ కొట్టింది నేరుగా క్లౌడ్‌లోకి పోతుంది.

అతను అంజి పేరు తీశాడు. పంపు ఆపరేటర్, మొదటి షిఫ్టు. లోపలికి వెళ్లింది 7:05.

'బయటికి వచ్చింది' అన్నచోట 9:40 అని కొట్టాడు.

అంజే ఎందుకు?

ఇవాళ సోమవారం కాబట్టి.

సోమవారం అంజి గనిలో ఉండడు. ఈ సంగతి ఇంక్లైన్ గని మొత్తానికి తెలుసు. ఆదివారం బెల్లంపల్లిలో అత్తగారింటికి పోయినవాడు మంగళవారానికి గానీ తేలడు. అతని హాజరు బామ్మర్ది వేస్తాడు. ఇదివరకు ఇత్తడి బిళ్లతో వేసేవాడు. మిషన్ వచ్చిన మొదటి వారంలో ముఖానికి బొగ్గు రుద్దుకుని వేశాడు. మిషన్ మోసపోయింది. మర్నాడు బావా బామ్మర్దులిద్దరూ నవ్వుకుంటూ ఈ గదికే వచ్చి చెప్పారు.

"బొగ్గు పూస్తె అందరం ఒక్క తల్లి పిల్లలమే గద కాకా," అన్నాడు అంజి.

ఆ పూట సదయ్య రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

కాబట్టి లెక్క సులువు. లేని అంజిని తొమ్మిది నలభైకి బయటికి పంపాడు. షిఫ్టు దిగాక బామ్మర్ది అంజి పేరు మీద మళ్లీ బయటికి వస్తాడు. ఒక్కసారి లోపలికి పోయిన మనిషి రెండుసార్లు బయటికి! పెద్దసార్ల ఎదుట, గోడంత తెర మీద... గని లోపల ఉన్నవారు: మైనస్ ఒకటి.

ఎవరైనా నవ్వకుండా ఉంటారా? నవ్వు ఆగాక ఎవరో ఒకరు అనక మానుతారా... పాత సర్వరే నయం, సదయ్యను పిలవండి అని?

లేని మనిషిని లెక్కలోంచి తీస్తే ఎవరికేం నష్టం?

మరి సున్నా ఎందుకొచ్చింది...

*

"కాకా..."

తలుపు దగ్గర ఒక ఆడమనిషి. తడిసిన కొంగు తల మీద. సంతోషి. అంజి భార్య.

"జర కంప్యూటర్ల సూడరాదు. మా ఆయన ఎల్లిండా?"

సదయ్యకు మాట వెంటనే ఎక్కదు. "ఏడికెల్లి?"

"బొగ్గుబాయిల కెల్లి. మా ఇంట్లున్న అవ్వకు దమ్ము ఎక్కువైంది. దవాఖానకు తోల్కపోవాలె, రెండింటికే ఎల్త అన్నడు. అందరు ఎల్లిన్రు. ఈయన జాడ లేదు."

"మీరు బెల్లంపల్లిల లేరా?"

"మేం బెల్లంపల్లి మొకం చూడక నెలైతాంది. సోమారం ఎగ్గొట్టుడు బందైంది గద కాకా, నీకు ఎరుక లేదా?" ఆమె నవ్వుతుంది. "బొగ్గు రుద్దుకోని పోతె ఆ మిషిన్ కండ్లు జూసి పట్టేస్తాంది. మా తమ్మునికి మెమో గూడ ఇచ్చిన్రు. ఆ మేడం పున్యాన ఈయన ఆదివారం తాగుడు గూడ బందువెట్టిండు. పొద్దుగాల్ల నేనే బండి మీద దింపిపోయిన."

సదయ్య మళ్లీ తెర వైపు తిరుగుతాడు.

కళ్లు చూసి పట్టేస్తోంది... ఎప్పటి నుంచి?

మూడు వారాల కింద సంధ్యారాణి ఒక మెయిల్ పంపింది. పైన 'బొగ్గు ముఖాల సమస్య తీరింది' అని ఉంది. అతను దాన్ని తెరవలేదు. తీరింది అన్న మాటే మింగుడు పడలేదు. అంతకు ముందు నాలుగైదు రోజులపాటు ఆ పిల్ల గని ముఖద్వారం దగ్గర నిలబడి, లోపలికి పోయే ఒక్కొక్కడి తెల్ల ముఖం, బయటికి వచ్చే ఒక్కొక్కడి నల్ల ముఖం ఫోటో తీసుకుంది. "ఏం బిడ్డా, ఫోటో స్టూడియో పెట్టినవా?" అని ఇతనే ఎకసెక్కమాడాడు.

"ఏంది కాకా, ఎల్లినట్టున్నదా?"

తెర మీద వరుస స్పష్టంగా ఉంది. అంజి. లోపలికి 7:05. బయటికి 9:40.

"తొమ్మిది నలభైకే ఎల్లినట్టున్నది," అంటాడు. ఆ మాటను తన గొంతే అంటుండగా వింటాడు.

"తొమ్మిదింటికే ఎల్తె ఇంటికి రాకపోవునా?" సంతోషి ఒక క్షణం ఆలోచిస్తుంది. "సరే తీ. నువ్వు చెప్తున్నవంటె ఎల్లే ఉంటడు. గేటు కాడ చూస్త."

నమ్మి వెళ్లిపోయింది.

అంజి లోపల ఉన్నాడు!

మూడు గంటలకు బ్లాస్టింగ్.

*

బొగ్గు తీసేసిన మూడో సెక్షన్‌లో పైకప్పు తనంతట తాను దిగడం లేదు. దాన్ని మందు పెట్టి కూల్చాలి. వరుసగా రంధ్రాలు తొలిచి, మందు కూరి, వైర్లు లాగి పెట్టారు. ఒక్కసారిగా సెక్షన్ మొత్తం కూలుతుంది.

ఆ సెక్షన్ చివర, పల్లంలో, నీళ్లు తోడే పంపు. పంపు దగ్గర ఒక్కడే మనిషి. లోపలి పనివాళ్లను చూసుకునే సర్దార్ స్వయంగా వచ్చి పిలిస్తే తప్ప కదలకూడదు. పిలవకుండా పైకొస్తే మెమో. అందుకని పిలుపు వచ్చేదాకా గోడకు ఆనుకుని కునుకు తీస్తాడు. తాతల కాలం నుంచీ అదే పద్ధతి.

ఇదివరకైతే, గనిలోకి దీపాలిచ్చే ల్యాంప్‌రూమ్ బోర్డు మీద ఒక ఇత్తడి బిళ్ల ఒంటరిగా వేలాడేది. లోపలికి పోయేవాడు తగిలించి పోతాడు, బయటికి వచ్చాక దాన్ని ల్యాంప్‌రూమ్ మనిషి తీస్తాడు. మిగిలిన బిళ్లను చూసి సర్దార్ తిట్టుకుంటూ పల్లానికి దిగి మనిషిని తోలుకొచ్చేవాడు. ఆ బోర్డును నిన్నటితో తీసేశారు. ఇవాళ సర్దార్ తెరను చూశాడు. తెర సున్నా అంది.

సున్నాను వెతకడానికి ఎవడు దిగుతాడు?

రెండు నలభై నాలుగు.

సవరణను వెనక్కి తీసుకోవాలి. సదయ్య పాత సర్వర్ వైపు తిరుగుతాడు.

అది చప్పుడు చేయడం లేదు.

పన్నెండింటికి ఆపేశారు. సంధ్యారాణే వచ్చింది. స్విచ్ మీద చెయ్యి పెట్టి, "మీరే తీస్తరా సార్?" అని అడిగింది. అతను కిటికీలోంచి వానను చూస్తూ నిలబడ్డాడు. పందొమ్మిదేళ్ల ఫ్యాన్ల హోరు టక్కున ఆగింది. అప్పటినుంచి చెవుల్లో ఏదో ఖాళీ... ఎవరికి చెప్పుకుంటాడు?

క్లౌడ్‌లో లెక్క మార్చే దారి ఇప్పుడు ఒక్కరి చేతిలోనే ఉంది.

ఆమెకు చెప్పాలి.

*

హాలు తలుపుకు అద్దం.

అద్దం అవతల ఏసీ చల్లదనం, జీడిపప్పు పళ్లాలు, నవ్వులు. తెర పక్కన సంధ్యారాణి. ఎవరో తెల్లజుట్టు పెద్దమనిషి ఆమె చెప్పేది తల పక్కకు వంచి మరీ వింటున్నాడు. సదయ్య చెప్పేటప్పుడు ఎవరూ అట్లా తల వంచలేదు. పందొమ్మిదేళ్లలో ఒక్కరు కూడా.

తలుపు తొయ్యాలి. చెయ్యి పిడి మీదే ఉంది.

చెయ్యి కదలదు.

నెల కింద ఇదే హాల్లో అతను లేచి నిలబడి అడిగాడు. "మన హాజరు, మన జీతం, మన దవాఖాన కాయిదాలు... గివన్ని ఏ ఊర్ల ఉంటయి? ఏ గదిల? నా సర్వర్ ఉన్న గది తాళం తీసి చూపిస్త. నీది చూపియ్యి."

సంధ్యారాణి చటుక్కున అంది. "మీ సర్వర్ యాడున్నదో వానకు గూడ ఎరుకే గద సార్."

హాలు గొల్లుమంది. రెండేళ్ల కింద కప్పు కారి సర్వర్ తడిసింది. రెండు రోజులు హాజరు పోయింది. సదయ్య దాని మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ ఫోటో ఫోన్లన్నీ తిరిగింది.

ఆ తర్వాత ఆమె నెమ్మదిగా వివరించింది. మూడు ఊళ్లలో మూడు నకళ్లుంటాయి. ఒకటి మునిగినా రెండుంటాయి. ఏదీ చెరిగిపోదు. ఎవరైనా మార్చినా, పాతది కింద భద్రంగా ఉంటుంది, మార్చిన వాళ్ల పేరుతో సహా. అందరూ విన్నారు. సదయ్యకు నవ్వు ఒక్కటే వినిపించింది.

వరండాలో ఆమె వెంటపడి వచ్చి, "తప్పైంది సార్, నోరు జారిన" అంది. అది ఇంకా కాలింది.

అప్పటినుంచి అతను క్లౌడ్‌లోకి పోయేటప్పుడల్లా ఫోన్‌కు ఒక ప్రశ్న వచ్చేది. ఇది మీరేనా? అవును, కాదు. తన ఇంట్లోకి తాను పోవడానికి తననే అడుగుతోంది. ప్రతిసారీ పళ్లు కొరుకుతూ 'అవును' నొక్కాడు. ముఖద్వారం దగ్గరి మిషన్‌కు మాత్రం తన ముఖం ఇవ్వలేదు. ఇంక్లైన్‌లో ఆరువందల మంది ఇచ్చారు. ఇవ్వనిది అతనొక్కడే.

ఇప్పుడు పోయి ఆమెకు చెప్పాలా? అంతమంది ముందు? నేను నీ లెక్కను పాడుచేశాను బిడ్డా, నువ్వే బాగుచెయ్యి అని?

ఎవరికైనా చెప్తాడు. ఆమెకు తప్ప.

గడియారం... రెండు నలభై ఏడు. మూడు నిమిషాలు అద్దం ముందు నిలబడ్డాడు!

పిడి వదిలేస్తాడు.

*

వరండాలో గని లోపలికి కలిపే ఫోన్. లోపల, సెక్షన్‌కు దూరంగా ఉన్న రక్షణ గదిలో బాబూరావు ఉంటాడు. కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరు. పేల్చే తాళం తిప్పేది అతనే. అతనూ, అతని వెంట ఉండే సర్దారూ తెర మీది లెక్కలోకి రారు.

"బాబూరావు గారు, నేను సదయ్యను. బ్లాస్టింగ్ ఆపుండి."

"ఏంటండీ? ఎందుకు?"

"లోపల మనిషి ఉన్నడు. పంపు కాడ అంజి ఉన్నడు."

"ఉండండి." నిమిషం పట్టినట్టనిపించిన కొన్ని క్షణాలు. "సున్నా ఉందండీ. పచ్చగా ఉంది. అంజి తొమ్మిది నలభైకే వెళ్లిపోయాడు."

"ఆ లెక్క తప్పు."

అవతల నిట్టూర్పు. "సదయ్య గారూ, పోయిన సోమవారం ఫోన్ చేసి లెక్క తప్పన్నారు. చూస్తే రైటు. శుక్రవారం చేశారు. రైటే. నెలలో తొమ్మిదిసార్లు చేశారండీ మీరు. ఇవాళ పెద్దాళ్లు వచ్చారని పదోసారా? పాపం ఆ అమ్మాయి మీకేం ద్రోహం చేసిందసలు?"

"ఇది గట్ల కాదు..."

"మరి ఇది తప్పని మీకెలా తెలిసింది?"

నేనే మార్చిన.

రెండు మాటలు. నాలుక చివరిదాకా వస్తాయి. అక్కడ ఆగిపోతాయి. సదయ్య తన నోరు తెరుచుకుని ఉండటాన్ని ఎదుటి కిటికీ అద్దంలో చూస్తాడు. ఆ నోరు వేరెవరిదో అయినట్టు... మనిషి ప్రాణం ఒకవైపు, రెండు మాటలు ఒకవైపు. అయినా తూకం మొగ్గడం లేదు.

"నాకు... అనుమానం," అంటాడు.

"అనుమానానికి మందు నా దగ్గర లేదండీ."

కట్.

మళ్లీ కలుపుతాడు. ఎంగేజ్. మళ్లీ. ఎంగేజ్. అవతల బాబూరావు రిసీవర్ తీసి పక్కన పెట్టేశాడు!

రెండు యాభై.

*

స్కూటర్‌ను కిక్కు కొడతాడు. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి దగ్గి ఊరుకుంది.

పరుగు.

ఆఫీసు నుంచి ముఖద్వారం దాకా ముప్పావు కిలోమీటరు. రోడ్డంతా నల్ల బురద. ఎదురుగా బొగ్గు లారీ... హారన్... పక్కకు దూకుతాడు. మోకాలి దాకా నీళ్లు. ఎడమ చెప్పు బురదలోనే ఉండిపోయింది.

దిగి పంపు దాకా పోవాలంటే అరగంట. పది నిమిషాలు కూడా లేవు.

ఒక్కటే దారి. తెర మీద సున్నా ఉంటేనే పచ్చ. పచ్చ ఉంటేనే బాబూరావు తాళం తిప్పుతాడు. ఒక్క మనిషి లోపల ఉన్నా ఎరుపు.

ఒక్క మనిషిని లోపల పెట్టాలి. ఎవరినైనా సరే.

పరుగెత్తేవాడి తలలోకి ఎందుకో పోశం వస్తాడు. ల్యాంప్‌రూమ్ పోశం. ఇరవై ఏళ్లు బిళ్లలు లెక్కపెట్టిన మనిషి. సదయ్య అతని దగ్గరే పని నేర్చుకున్నాడు. కంప్యూటర్ వచ్చి, దాన్ని సదయ్యకు అప్పజెప్పిన నెలలో, ఒకరోజు పోశం ఇంటికి పోయినవాడి బిళ్లను తీయకుండా బోర్డు మీదే ఉంచాడు. కంప్యూటర్ సున్నా అంది. బోర్డు ఒకటి అంది. నాలుగు గంటలు వెతికారు... ఇంట్లో నిద్రపోతున్న మనిషి కోసం. పోశంను రామకృష్ణాపూర్‌కు మార్చారు. ఆ సాయంత్రం సెక్షన్‌లో మిర్చి బజ్జీలు పంచింది సదయ్యే. ఎక్కువ నవ్వింది కూడా అతనే.

కానీ పోశం, లేని మనిషిని ఉన్నాడన్నాడు.

సదయ్య ఉన్న మనిషిని లేడన్నాడు.

కాలు జారుతుంది. లేస్తాడు. ఇంకా పరుగు.

*

రెండు యాభై ఆరు.

ముఖద్వారం దగ్గర రేకుల షెడ్డు కింద రెండో షిఫ్టువాళ్లు వానకు ముడుచుకుని కూచున్నారు. మిషన్ పక్కన ల్యాంప్‌రూమ్ ఎల్లేశం.

"ఏందన్నా, పులి ఎంటవడ్డదా?"

"ఎల్లేశం..." ఊపిరి అందదు. "నీ మొకం పెట్టు. లోపటికి పోయినట్టు. జల్ది."

"బ్లాస్టింగ్ టైముల నేను మొకం పెడ్తె నౌకరి ఉంటదా? ఎందుకు పెట్టినవంటె ఏం జెప్పాలె?"

ఏం చెప్పాలి...

"అయితె నాది ఎక్కియ్యి."

"నీదా?" ఎల్లేశం పళ్లు బయటపెడతాడు. "నెల సంది గడ్డం పట్టుకోని బతిమాలితె ఎక్కియ్యకపోతివి. ఇయ్యాల తడిసిన కోడి లెక్క అచ్చి..."

"ఎక్కియ్యి ఎల్లేశం, నీ కాళ్లు మొక్కుత!"

ఎల్లేశం నవ్వు ఆగిపోతుంది. ఇక మారు మాట లేకుండా ఉద్యోగి నంబరు కొడతాడు. "సూటిగ సూడు. కుడికి. ఎడమకు."

ముఖం స్పష్టంగా లేదు.

నీళ్లు కారుతున్నాయి. ఎల్లేశం తన తువ్వాల విసురుతాడు. సదయ్య గట్టిగా తుడుచుకుంటాడు. ఆ తువ్వాల నిండా బొగ్గు పొడి.

ముఖం స్పష్టంగా లేదు.

రెండు యాభై ఎనిమిది.

షెడ్డు చూరు కింద దోసిళ్లు పట్టి ముఖం కడుక్కుంటాడు. బనియన్ పైకి లాగి తుడుచుకుంటాడు. షెడ్డు కింద ఎవరో కిసుక్కుమంటారు. సదయ్య తల ఎత్తి మిషన్‌ను చూస్తాడు. నెల రోజులుగా తప్పించుకుని తిరిగిన ఆ చిన్న నల్లటి గాజుకన్ను. అందులో తన ముఖం కనిపిస్తుంది. అది ఎంత ముసలిదైందో...

సూటిగా. కుడికి. ఎడమకు.

నమోదైంది.

"ఇగ దాని ముందట నిలవడితె లోపటికి పోయినట్టు పడ్తది, జాగ్రత్త..." ఎల్లేశం అంటుండగానే సదయ్య ముందుకు జరుగుతాడు.

ధడ్!

కాళ్ల కింద నేల కదులుతుంది. షెడ్డు రేకులు గలగలమంటాయి.

అయిపోయింది.

అంజి... పల్లంలో... గోడకు ఆనుకుని...

సదయ్య ముఖద్వారం లోపలికి ఉరకబోతాడు.

"పక్క ఓపెన్‌కాస్టు గనిదే అన్న," ఎల్లేశం జబ్బ పట్టుకుంటాడు. "ఆళ్లు రోజు గిదే టైముకు కొడ్తరు గద. మనది ఇంక కొట్టలే."

మిషన్ చిన్నగా కూత పెడుతుంది. ముఖాన్ని గుర్తుపట్టింది. పైన పలకలో అంకె మారింది.

గని లోపల ఉన్నవారు: 2.

ఎర్ర చుక్క.

రెండా? ఒకటి కదా రావాల్సింది!

ఆ క్షణంలో, చావు పక్కనుంచి పోయిన ఆ క్షణంలో కూడా, సదయ్య గుండెలో ఏదో ఎగిరి గంతేస్తుంది. తప్పింది... ఆమె లెక్క తప్పింది...

జేబులో ఫోన్ మోగుతుంది. సంధ్యారాణి.

*

"సార్, ఫికర్ చెయ్యకుండి. అంజిని మళ్ల లోపల పెట్టిన. రెడ్ అచ్చింది. బాబూరావు సార్ ఆపిండు. సర్దార్ పంపు కాడికి పోతుండు."

సదయ్య గోడకు చేరగిలబడతాడు. "నీకెట్ల ఎరుక?"

"అద్దం అవతల నిలవడ్డరు గద మీరు. ఆరేండ్ల సంది మీ మొకం చూస్తున్న సార్, గట్ల ఎన్నడు చూడలే. నేను తలుపు కాడికి వచ్చేవరకు ఎల్లిపోయిన్రు. ఇగ ఇయ్యాల్టి మార్పులు తెరిచిన. ఒక్కటే ఉన్నది. బయటికి ఎల్లినట్టు ఉన్నది గానీ, ఎల్లిన మొకం ఫోటో లేదు."

వాన చప్పుడు.

"మీ ఐడీ మీదికెల్లి చేసిన్రు సార్. ఎవరో మీ పాస్‌వర్డ్ కొట్టేసిన్రు." ఆమె ఆగుతుంది. "గదే చెప్పనీకి అచ్చిన్రు గద?"

అడుగుతోందా... అందిస్తోందా?



"మీకు మెసేజ్ అస్తది. కాదని కొట్టుండి చాలు. మిగిలింది నేను చూసుకుంట."

ఫోన్ తెర మీద ప్రశ్న పడుతుంది.

ఉదయం 9:40కి ఈ మార్పు చేసింది మీరేనా?

అవును. కాదు.

బొటనవేలు రెండింటి మధ్యా ఆగుతుంది.

చివరి గడియలో అతను ఇచ్చిన ముఖం కూడా అక్కరకు రాలేదు. అంతకు ముందే ఆమె ఇచ్చిన ఎరుపు అక్కడ ఉంది. ఇప్పుడు క్షమించడం కూడా ఆమే చేస్తుంది. చేసి, రేపు పొద్దున 'నమస్తే సార్' అంటుంది. ఎప్పటిలాగే.

తెర ఆరిపోతుంది. వెలిగిస్తాడు. మళ్లీ ఆరిపోతుంది.

మూడు ఇరవై ఐదుకు అంజి పైకి వస్తాడు. ఆవులిస్తూ. ముఖమంతా బొగ్గు, కళ్లు మాత్రం తెల్లగా. మిషన్ ముందు నిలబడితే అది కూత పెడుతుంది. రెండు, ఒకటి అవుతుంది.

"ఏంది కాకా, నువ్వు గూడ బాయిల దిగుతున్నవా ఏంది? ఒక్క చెప్పు యాడ పాయె?"

సంతోషి ఎక్కడినుంచో గొడుగుతో ఉరికొస్తుంది. అంజి భుజం మీద ఒక్కటి వేస్తుంది. "సచ్చినోడా, యాడ పన్నవు? అవ్వ ఆడ దమ్ము తీస్తాంది. కంప్యూటర్లనేమో తొమ్మిది నలభైకే ఎల్లినవని ఉన్నదట."

"నేనెక్కడ ఎల్లిన? సర్దార్ పిలిస్తె గిప్పుడే అస్తున్న."

"పాడు కంప్యూటర్. తప్పు చెప్పింది." సంతోషి సదయ్య వైపు తిరుగుతుంది, తోడు రమ్మన్నట్టు. "అంతేనా కాకా? బిళ్లలే నయముండె."

"నిజమే," ఎల్లేశం తల ఊపుతాడు. "బిళ్లలైతె గిట్ల కాకపోవు. సదయ్యన్న నెల సంది మొత్తుకుంటనే ఉన్నడు, ఎవ్వలు ఇనలే."

షెడ్డు కిందివాళ్లు అవునవునంటారు.

నెల రోజులుగా అతను వినాలనుకున్న మాట అదే. అన్నం తింటూ, స్నానం చేస్తూ, నిద్ర పట్టక మంచం మీద దొర్లుతూ, వేరువేరు గొంతులతో తనకు తానే వినిపించుకున్న మాట. ఇప్పుడు నిజం గొంతులతో వచ్చింది. అంతా అతని వైపే తల వంచి, అతనేమంటాడా అని చూస్తున్నారు.

పలకలో ఇంకా ఎర్ర చుక్క. గని లోపల ఉన్నవారు: 1.

"అన్నా, ఆ ఒక్కటి నువ్వే," ఎల్లేశం గుర్తుచేస్తాడు. "బాబూరావు సార్ ఆగిండు. నువ్వు ఎల్తెగాని సున్నా కాదు."

సదయ్య ఫోన్ తెరను వెలిగిస్తాడు.

తడి బొటనవేలును ప్యాంటుకు తుడుచుకుని, 'అవును' నొక్కుతాడు.